థామస్ యంగ్

థామస్ యంగ్ (1773 జూన్ 13 - 1829 మే 10) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త, బహుభాషా పండితుడు. కాంతికి తరంగ స్వభావం ఉన్నదని వ్యతికరణం ద్వారా చూపినవాడుగా, పదార్థాల స్థితిస్థాపకతను తెలిపే యంగ్ గుణకం ద్వారా, ఈజిప్టు చిత్రలిపిని చదివే ప్రయత్నంలో తొలి అడుగులు వేసినవాడుగా ఇతడు లోకానికి పరిచితుడు. అయితే వృత్తిరీత్యా ఇతడు జీవితాంతం వైద్యుడే. 1808లో గుండె, ధమనుల పనితీరుపై లండన్ రాయల్ సొసైటీలో ఇతడు చేసిన ఉపన్యాసం, ధమని గోడ సాగే గుణానికీ నాడి తరంగ వేగానికీ గల సంబంధాన్ని గణితరీత్యా వివరించింది. బృహద్ధమని గోడ చీలిన రోగులలో ఆ గోడ కాలక్రమేణా ఎంత బిరుసెక్కిందో అంచనా వేయడానికి నేటి వైద్యులు ఉపయోగించే లెక్కకు మూలం ఆ పరిశోధనలోనే ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

యంగ్ ఇంగ్లండు నైరుతి ప్రాంతంలోని సోమర్సెట్ కౌంటీకి చెందిన మిల్వర్టన్ అనే ఊరిలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఇతడు జ్యేష్ఠుడు. తల్లిదండ్రులు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. నిరాడంబర జీవనం, సత్యనిష్ఠ, విద్యపై గౌరవం ఆ శాఖవారి లక్షణాలు. రెండేళ్ళ వయసుకే యంగ్ ధారాళంగా చదవగలిగేవాడు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి గ్రీకు, లాటిన్ భాషలు నేర్చుకొని, ఫ్రెంచి, ఇటాలియన్, హీబ్రూ, అరబిక్, పారశీకం మొదలైన భాషలతో పరిచయం సంపాదించాడు. లోహపు పని, దూరదర్శిని నిర్మాణం వంటి చేతిపనులను కూడా స్వయంగా అభ్యసించాడు.

1787 నుండి 1792 వరకు హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని యంగ్స్‌బరీ అనే చోట, డేవిడ్ బార్‌క్లే అనే క్వేకర్ ధనికుని ఇంట, ఆయన మనుమడు హడ్సన్ గర్నీకి సహాధ్యాయిగా ఉన్నాడు. వీరిద్దరి స్నేహం జీవితాంతం కొనసాగింది. పదహారో ఏట యంగ్ తీవ్రంగా జబ్బుపడ్డాడు. అది క్షయ కావచ్చునని వైద్యులు భావించారు. తల్లి తరఫు బంధువు, లండన్‌లో పేరు పొందిన వైద్యుడు అయిన రిచర్డ్ బ్రాకిల్స్‌బీ ఇతనికి చికిత్స చేయించాడు. యంగ్ వైద్యవృత్తిని ఎంచుకోవడానికి బ్రాకిల్స్‌బీ ప్రోత్సాహమే ముఖ్య కారణం.

వైద్య విద్య

1792లో యంగ్ లండన్ చేరి హంటర్ స్థాపించిన శరీరశాస్త్ర పాఠశాలలో చదివాడు. మరుసటి ఏడాది సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో విద్యార్థిగా చేరాడు. తరువాత 1794లో ఎడిన్‌బరో, 1795లో జర్మనీలోని గాటింగెన్ విశ్వవిద్యాలయాలకు వెళ్ళి, 1796లో గాటింగెన్‌లో వైద్య పట్టం పుచ్చుకున్నాడు. మానవ శరీరం తన్నుతాను కాపాడుకొనే శక్తుల గురించి ఇతని సిద్ధాంత వ్యాసం చర్చించింది. మనిషి గొంతు పలుకగల ధ్వనులన్నింటికీ సరిపోయే అక్షరమాలను కూడా ఆ వ్యాసానికి జతపరచాడు. శరీరశాస్త్రం, ధ్వనిశాస్త్రం, భాషలు ఇతని మనసులో వేర్వేరు అరలుగా ఎన్నడూ లేవు.

ఆ రోజుల్లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో పూర్తి సభ్యత్వం కావాలంటే ఆక్స్‌ఫర్డ్ లేక కేంబ్రిడ్జి పట్టం అవసరం. ఆంగ్లికన్ మతశాఖ నియమాలను అంగీకరించనివారికి అక్కడ పట్టం దొరకదు. 1797లో యంగ్ క్వేకర్ శాఖను విడిచి కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో చేరాడు. తోటి విద్యార్థులు ఇతని పాండిత్యానికి ఆశ్చర్యపడి 'అద్భుత యంగ్' అనే అర్థం వచ్చే మారుపేరు పెట్టారు. అదే సంవత్సరం బ్రాకిల్స్‌బీ మరణించి, యంగ్‌కు లండన్‌లో ఇల్లు, గ్రంథాలు, చిత్రపటాలు, సుమారు 10,000 పౌండ్ల ధనం వదిలివెళ్ళాడు. దీనితో యంగ్‌కు ఆర్థిక చింత తొలగిపోయింది. కేంబ్రిడ్జి చదువు తరువాత లండన్‌లోని వెల్బెక్ వీధిలో వైద్యవృత్తి ఆరంభించాడు.

కన్ను, కాంతి

విద్యార్థిగా ఉండగానే, 1793లో యంగ్ కంటిపై రాసిన వ్యాసాన్ని రాయల్ సొసైటీకి సమర్పించాడు. దగ్గరి వస్తువులనూ దూరపు వస్తువులనూ కన్ను స్పష్టంగా చూడగలగడానికి కంటి కటకం ఆకారం మార్చుకోవడమే కారణమని అందులో ప్రతిపాదించాడు. 1794లో, 21 ఏళ్ళ వయసులో, రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1801లో అచ్చయిన, కంటి యంత్రాంగంపై చేసిన ఉపన్యాసంలో తన కంటినే ప్రయోగశాలగా చేసుకొని, నేడు ఆస్టిగ్మాటిజం అని పిలిచే దృష్టిదోషాన్ని తొలిసారిగా వర్ణించాడు. రంగులను గుర్తించడానికి కంటిలో మూడు రకాల గ్రాహకాలు చాలునని సూచించాడు. తరువాత జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దానిని విస్తరించాడు.

1801లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భౌతిక శాస్త్ర ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. అక్కడ చేసిన ఉపన్యాసాలు విషయబాహుళ్యం వల్ల సామాన్య శ్రోతలకు కొరుకుడు పడేవి కావు. వైద్యవృత్తికి అడ్డు వస్తుందనే భయంతో 1803లో ఆ పదవికి రాజీనామా చేశాడు.

ఈ కాలంలోనే ఇతడు కాంతి సిద్ధాంతాన్ని మలుపు తిప్పాడు. కాంతి కణాల ప్రవాహమని న్యూటన్ అభిప్రాయం. ఇంగ్లండులో ఆ అభిప్రాయానికి ఎదురు చెప్పడం సాహసమే. రెండు కాంతి తరంగాలు కలిసినచోట ఒకదాన్నొకటి బలపరచుకోవడమో, రద్దు చేసుకోవడమో జరుగుతుందని 1801 నుండి 1803 వరకు చేసిన ఉపన్యాసాలలో యంగ్ వివరించాడు. సన్నని సూర్యకిరణాన్ని పలుచని అట్టముక్కతో రెండుగా విభజించి, ఏర్పడిన చారలను చూపాడు. రెండు రంధ్రాల ప్రయోగం 1807లో అచ్చయిన ఉపన్యాస గ్రంథంలో వర్ణింపబడింది.

ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో హెన్రీ బ్రూమ్ అనే న్యాయవాది ఈ పరిశోధనలను తీవ్రంగా ఎద్దేవా చేస్తూ వ్యాసాలు ప్రకటించాడు. యంగ్ 1804లో జవాబుగా ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. దానికి ఒకే ఒక్క ప్రతి అమ్ముడుపోయిందని చెబుతారు. దశాబ్దం పైగా గడిచాక ఫ్రాన్సులో ఫ్రెనెల్, అరాగోల కృషితో గాని తరంగ సిద్ధాంతం నిలదొక్కుకోలేదు. కాంతి కంపనాలు దాని ప్రయాణ దిశకు అడ్డంగా ఉండవచ్చునన్న ఊహను యంగ్ 1817లో అరాగోకు ఉత్తరం ద్వారా తెలిపాడు.

స్థితిస్థాపకత, తలతన్యత

1807లో ప్రకటించిన రెండు సంపుటాల ఉపన్యాస గ్రంథంలో 'ఎనర్జీ' అనే మాటను నేటి శాస్త్రార్థానికి దగ్గరగా వాడాడు. స్థితిస్థాపక గుణకం అనే భావన కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఒక తీగను లాగినప్పుడు అది ఎంత సాగుతుందనేది తీగ పొడవు, మందాలపైనే గాక అది చేయబడిన పదార్థంపై కూడా ఆధారపడుతుంది. ఆ పదార్థానికే చెందిన గుణాన్ని విడదీసి చెప్పడమే గుణకం ప్రయోజనం. యంగ్ దానిని, అదే పదార్థంతో చేసిన ఒక ఊహాస్తంభం ఎత్తు రూపంలో నిర్వచించాడు. ప్రతిబలాన్ని వికృతితో భాగించే నేటి నిర్వచనం 1826లో ఫ్రెంచి ఇంజనీరు నేవియర్ ఇచ్చినది. ఇటువంటి ఆలోచన ఆయిలర్ రచనల్లోనూ, ప్రయోగం ఇటలీకి చెందిన రిక్కాటీ 1782 నాటి పుస్తకంలోనూ యంగ్‌కు ముందే కనిపిస్తాయి. అయినా యంగ్ పేరే నిలిచింది.

1805లో అచ్చయిన మరొక వ్యాసంలో ద్రవాల తలతన్యతను పరిశీలించి, వంపు తిరిగిన ఉపరితలం లోపలి పీడనానికీ, ఆ వంపు వ్యాసార్ధానికీ, ఉపరితలపు బిగువుకూ సంబంధం చెప్పాడు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ కూడా కొద్దికాలంలోనే దీనిని గణిత రూపంలో ప్రకటించాడు. ఇదే నియమం గొట్టాలకూ వర్తిస్తుంది. లోపలి పీడనం ఒకటే అయినా, గొట్టం వెడల్పయిన కొద్దీ గోడపై బిగువు పెరుగుతుంది. ఉబ్బిన ధమని మరింత ఉబ్బే ప్రమాదం ఎందుకు ఎక్కువో ఈ నియమం వల్ల అర్థమవుతుంది.

గుండె, ధమనులపై ఉపన్యాసం

1808లో యంగ్ రాయల్ సొసైటీకి రెండు వ్యాసాలు సమర్పించాడు. మొదటిది గొట్టాలలో ద్రవప్రవాహం గురించిన గణిత పరిశీలన. రెండవది దాని ఆధారంగా గుండె, ధమనుల విధులపై ఇచ్చిన క్రూనియన్ ఉపన్యాసం. ఇది 1809లో అచ్చయింది.

ఆనాటి వైద్యులలో ఒక వివాదం ఉండేది. రక్తాన్ని ముందుకు నెట్టే పని గుండె ఒక్కటే చేస్తుందా, ధమనుల గోడలు కూడా కండరాలవలె ముడుచుకొని సాయపడతాయా అన్నది ప్రశ్న. దీనిని వాదంతో గాక లెక్కతో తేల్చడానికి యంగ్ పూనుకున్నాడు. స్టీఫెన్ హేల్స్ 1733లో ప్రకటించిన జంతు రక్తపోటు కొలతలను తీసుకొన్నాడు. బృహద్ధమని నుండి శాఖోపశాఖలుగా చీలి సూక్ష్మనాళాల వరకు సాగే మార్గంలో ఎక్కడెంత నిరోధం ఉంటుందో గణించి, నిరోధంలో అధికభాగం అతి సన్నని నాళాలలోనే ఉన్నదని చూపాడు. రక్తచలనానికి గుండె బలమే చాలునని, ధమని గోడలోని కండరాల పాత్ర ఇందులో స్వల్పమని నిర్ణయించాడు.

అంతకంటె ముఖ్యమైనది నాడి గురించిన వివరణ. మణికట్టు వద్ద వేలికి తగిలే నాడి గుండె నుండి అప్పుడే వచ్చిన రక్తం కాదు. అది గోడల వెంట పరుగెత్తే ఒక పీడన తరంగం. రక్తం నెమ్మదిగా కదులుతుంది, తరంగం దానికంటె ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. వాయువులో శబ్దవేగం ఆ వాయువు స్థితిస్థాపకతపై ఆధారపడినట్లే, ధమనిలో నాడి వేగం ఆ ధమని గోడ స్థితిస్థాపకతపై ఆధారపడుతుందని యంగ్ చూపాడు. గోడ బిరుసైతే నాడి వేగం హెచ్చుతుంది, మెత్తనైతే తగ్గుతుంది. ఈ ఉపన్యాసానికి ఆనాడు రావలసినంత గుర్తింపు రాలేదు. గణితం తెలిసినవారికి వైద్యం పట్టలేదు, వైద్యులకు గణితం అర్థం కాలేదు. యంగ్ రాతశైలి మిక్కిలి క్లుప్తంగా ఉండడం కూడా ఇందుకు కారణం.

వైద్యవృత్తి

1804లో యంగ్ ఎలిజా మాక్స్‌వెల్‌ను వివాహమాడాడు. వీరికి సంతానం లేదు. 1809లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సభ్యుడయ్యాడు. 1811 నుండి మరణించేవరకు లండన్‌లోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేశాడు. 1813లో వైద్య గ్రంథాలను పరిచయం చేసే పుస్తకాన్ని, 1815లో క్షయవ్యాధిపై గ్రంథాన్ని ప్రకటించాడు. పిల్లల వయసును బట్టి మందు మోతాదు నిర్ణయించే ఒక సూత్రం యంగ్ నియమంగా చాలాకాలం వాడుకలో ఉండేది. దీని ప్రకారం పిల్లవాని వయసును, ఆ వయసుకు 12 కలుపగా వచ్చిన సంఖ్యతో భాగించి, పెద్దల మోతాదులో ఆ భాగం ఇస్తారు.

వైద్యుడు ఇతర విషయాలపై మనసు పెడితే రోగులు నమ్మరని యంగ్ భావించేవాడు. అందువల్ల వైద్యేతర వ్యాసాలను చాలాకాలం పేరు లేకుండానే ప్రకటించాడు. ఇంత జాగ్రత్త పడినా ఇతని వద్దకు వచ్చే రోగుల సంఖ్య ఎన్నడూ పెద్దగా లేదు.

భాషలు, చిత్రలిపి

1813లో ఒక సమీక్షా వ్యాసంలో భారత, ఐరోపా భాషల కుటుంబాన్ని సూచించడానికి 'ఇండో-యూరోపియన్' అనే పదాన్ని యంగ్ ప్రవేశపెట్టాడు. 1814 నుండి రొసెట్టా శిలపై దృష్టి సారించాడు. ఈ శిలపై ఒకే శాసనం గ్రీకులోను, ఈజిప్టు భాషకు చెందిన రెండు లిపులలోను ఉంది. ఈజిప్టు వాడుక లిపి చిత్రలిపి నుండే పుట్టిందని యంగ్ గుర్తించాడు. కోలగీతల చట్రంలో ఉన్న టాలెమీ రాజు పేరులోని కొన్ని గుర్తులకు ధ్వనులు కేటాయించాడు. ఈ ఫలితాలను 1819లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అనుబంధంలో ఈజిప్టు అనే శీర్షికతో ప్రకటించాడు. ఈ అనుబంధానికి ఇతడు రాసిన వ్యాసాలు 60కి పైగా ఉన్నాయి.

1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చిత్రలిపి రహస్యాన్ని ఛేదించినట్లు ప్రకటించాడు. తన కృషిని ఆయన తగినంతగా పేర్కొనలేదని యంగ్ 1823లో ఒక పుస్తకం రాశాడు. తొలి మెట్లు యంగ్‌వి, పూర్తి భవనం షాంపోలియన్‌ది అని నేటి చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం.

ఇతర బాధ్యతలు

యంగ్ 1802 నుండి రాయల్ సొసైటీ విదేశాంగ కార్యదర్శిగా పనిచేశాడు. 1816లో తూనికలు, కొలతల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1818లో రేఖాంశ మండలి కార్యదర్శిగా, నావికుల పంచాంగానికి పర్యవేక్షకుడుగా నియమితుడయ్యాడు. పంచాంగాన్ని ఖగోళ శాస్త్రజ్ఞుల అవసరాలకు తగినట్లు సంస్కరించలేదని ఇతనిపై విమర్శలు వచ్చాయి. జీవిత బీమా లెక్కలపై కూడా పనిచేశాడు. 1827లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ తన ఎనిమిది మంది విదేశీ సభ్యులలో ఒకనిగా ఇతనిని ఎన్నుకున్నది.

మరణం

1829 ఆరంభం నుండి యంగ్ ఆయాసంతో, నీరసంతో బాధపడసాగాడు. మంచం పట్టాక కూడా ఈజిప్టు వాడుకలిపి నిఘంటువు పని విడువలేదు. కలం పట్టే శక్తి లేనప్పుడు పెన్సిలుతో రాశాడు. 1829 మే 10న లండన్‌లో తన 55వ ఏట మరణించాడు. కెంట్ కౌంటీలోని ఫార్న్‌బరో చర్చి ఆవరణలో ఇతనిని ఖననం చేశారు. నిఘంటువు 1831లో వెలువడింది.

శవపరీక్షలో బృహద్ధమని గోడ ఎముకవలె గట్టిపడినట్లు కనుగొన్నారు. ఈ మార్పు చాలా ఏళ్ళుగా సాగుతూ వచ్చినదని నిర్ణయించారు. బాల్యం నుండి విరామం లేని మేధాశ్రమే దీనికి కారణమని ఆనాటివారు తలచారు. నేటి వైద్యశాస్త్రం ఈ కారణాన్ని అంగీకరించదు. ధమని గోడలో కొవ్వు, సున్నం పేరుకొని గట్టిపడడం ఈనాడు బాగా తెలిసిన వ్యాధే. ధమనుల స్థితిస్థాపకతను లెక్కకట్టిన వైద్యుని ప్రధాన ధమనే స్థితిస్థాపకతను కోల్పోయింది.

నాడి తరంగ వేగ సూత్రం

యంగ్ లెక్క దాదాపు 70 ఏళ్ళ తరువాత తిరిగి వెలుగులోకి వచ్చింది. 1878లో నెదర్లాండ్సుకు చెందిన మోయెన్స్, కోర్టెవెగ్‌లు నాడి వేగ సూత్రాన్ని నేటి రూపంలో ప్రకటించారు. యంగ్ గుణకాన్ని గోడ మందంతో హెచ్చించి, ధమని వ్యాసం, రక్త సాంద్రతల లబ్ధంతో భాగిస్తే నాడి వేగం యొక్క వర్గం వస్తుంది. దీని ప్రకారం ధమని కొలతలు మారకుండా నాడి వేగం రెట్టింపైతే, గోడ బిరుసుదనం నాలుగు రెట్లయినట్లు లెక్క. 1922లో బ్రామ్‌వెల్, హిల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు దీనిని మనుషులలో కొలవడానికి అనువుగా మార్చారు. మెడ వద్ద, తొడ మొదట్లో నాడిని ఒకేసారి నమోదు చేసి, మధ్య దూరాన్ని కాలవ్యత్యాసంతో భాగించి వేగం కనుగొంటారు. ఆరోగ్యవంతులైన యువకులలో ఇది సెకనుకు సుమారు 5 నుండి 7 మీటర్లు. 10 మీటర్లు దాటితే బృహద్ధమని బిరుసెక్కినట్లు భావిస్తారు.

అయితే ఉక్కు తీగవలె ధమని గోడకు ఒకే స్థిరమైన గుణకం ఉండదు. 1881లో చార్లెస్ రాయ్ ప్రయోగాలు దీనిని స్పష్టం చేశాయి. కొద్దిగా సాగినప్పుడు మెత్తగా, ఎక్కువ సాగినప్పుడు బిరుసుగా ఉండడం ధమని స్వభావం. అందుకు కారణం గోడ నిర్మాణం. బృహద్ధమని గోడలో మూడు పొరలున్నాయి. మధ్య పొరలో ఎలాస్టిన్ అనే సాగే పదార్థపు పలుచని రేకులు, ఛాతీ భాగంలో సుమారు 50 నుండి 60 వరకు, ఒకదానిపై ఒకటి ఉంటాయి. వాటి మధ్య నునుపు కండర కణాలు, కొల్లాజెన్ పోగులు ఉంటాయి. వెలుపలి పొరలో కొల్లాజెన్ ఎక్కువ. ఎలాస్టిన్‌తో పోలిస్తే కొల్లాజెన్ వందల రెట్లు బిరుసు. మామూలు పీడనంలో భారాన్ని ఎక్కువగా ఎలాస్టిన్ మోస్తుంది. గోడ బాగా సాగినప్పుడు ముడతలుగా ఉన్న కొల్లాజెన్ పోగులు నిటారై అడ్డుపడతాయి.

బృహద్ధమని గోడ చీలిక

యంగ్ పుట్టుకకు 13 ఏళ్ళ ముందు, 1760లో, ఇంగ్లండు రాజు రెండవ జార్జి హఠాత్తుగా మరణించాడు. రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్ శవపరీక్ష జరిపి, బృహద్ధమని లోపలి పొరలో చీలికను వర్ణించాడు. 1819లో స్టెతస్కోపు సృష్టికర్త లాయెనెక్ ఈ వ్యాధికి పొరలను విడదీసే ఉబ్బు అనే అర్థంలో పేరు పెట్టాడు. నేడు వైద్యులు దీనిని అయోర్టిక్ డిసెక్షన్ అంటారు. లోపలి పొర చినిగిన చోట రక్తం మధ్య పొరలోకి చొచ్చుకొనిపోయి, గోడను నిలువునా రెండుగా విడదీస్తుంది. అసలు మార్గం ఒకటి, కొత్తగా ఏర్పడిన దొంగమార్గం ఒకటి, వాటి నడుమ తెరవంటి పొర మిగులుతాయి. దొంగమార్గానికి బయటివైపు మధ్య పొరలో కొంతభాగం, వెలుపలి పొర మాత్రమే అండగా ఉంటాయి. గోడ పలుచనైంది, వెడల్పు పెరిగింది. కాబట్టి యంగ్, లాప్లాస్‌ల నియమం ప్రకారం అదే రక్తపోటుకు ఆ గోడపై భారం ఎన్నో రెట్లు హెచ్చుతుంది. రక్తపోటును, గుండె స్పందన తీవ్రతను వెంటనే తగ్గించే మందులు ఇవ్వడంలోని ఆంతర్యం ఇదే.

చీలిక తరువాత గోడలో మార్పులు

ఈ చీలికను వ్యవధిని బట్టి విభజిస్తారు. ఐరోపా వైద్య మార్గదర్శకాల ప్రకారం మొదటి 14 రోజులు తీవ్రదశ, 15 నుండి 90 రోజులు ఉపతీవ్రదశ, ఆపైన దీర్ఘకాలిక దశ. ఈ గడువుల వెనుక గోడలో జరిగే మార్పులున్నాయి.

తొలిరోజులలో నడిమి తెర పలుచగా ఉండి, ప్రతి గుండె స్పందనకు అటూ ఇటూ కదులుతుంది. గాయమైన గోడలోకి తెల్ల రక్తకణాలు చేరతాయి. అవి, కండర కణాలు విడుదల చేసే ఎంజైములు ఎలాస్టిన్‌ను తెంచివేస్తాయి. కండర కణాలు ముడుచుకొనే గుణం వదలి, కొల్లాజెన్ తయారుచేసే కణాలుగా స్వభావం మార్చుకుంటాయి. గాయం మానే ఈ ప్రక్రియలో మచ్చవంటి కణజాలం పేరుకొంటుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ తెర మందమై, నిటారై, కదలిక తగ్గి బిరుసెక్కుతుంది. తెగిన ఎలాస్టిన్ స్థానంలో పెద్దలలో సరైన ఎలాస్టిన్ తిరిగి ఏర్పడదు. కొల్లాజెన్ ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. గోడ కొంతవరకు అతుక్కుంటుంది గాని, సాగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణం పోతుంది.

ఈ బిరుసుదనం ఒకవిధంగా రక్షణ, మరొకవిధంగా నష్టం. మచ్చ గోడకు ఆసరా ఇస్తుంది. కాని బృహద్ధమని సాగనందున, గుండె ప్రతిసారీ విడిచే రక్తాన్ని కొంత నిల్వచేసి నెమ్మదిగా పంపే పని కుంటుపడుతుంది. నాడి వేగం, గరిష్ఠ రక్తపోటు పెరుగుతాయి. గుండెపై భారం హెచ్చుతుంది. బిరుసైన గోడ బలమైన గోడ అని అనుకోరాదు. దొంగమార్గంలో రక్తప్రవాహం కొనసాగితే గోడ బిరుసుగా ఉంటూనే క్రమంగా ఉబ్బి పగిలే ప్రమాదముంది. అందుకే ఈ రోగులకు జీవితాంతం రక్తపోటు నియంత్రణ, నియమిత కాలంలో స్కానింగ్ అవసరం.

చికిత్స సమయం కూడా దీనిపై ఆధారపడుతుంది. ధమని లోపలికి స్టెంటు గొట్టం పంపి చినుగును మూసినప్పుడు, తెర ఇంకా మెత్తగా ఉంటే అది వెనక్కు జరిగి అసలు మార్గం విప్పారుతుంది. దొంగమార్గంలో రక్తం గడ్డకట్టి అది కుంచించుకుపోతుంది. తెర గట్టిపడ్డాక ఇది కష్టసాధ్యం. అమర్చిన గొట్టం కూడా సహజ ధమనికంటె బిరుసైనదే. కనుక చికిత్స తరువాత కూడా నాడి వేగాన్ని గమనించడం ప్రయోజనకరం.

గుర్తింపు

యంగ్ స్మారక ఫలకాన్ని హడ్సన్ గర్నీ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ప్రతిష్ఠింపజేశాడు. 1855లో జార్జి పీకాక్ ఇతని సమగ్ర జీవితచరిత్రను ప్రకటించాడు. కాంతిశాస్త్రంలో ఇతని కృషిని లోకం గుర్తించింది. వైద్యుడుగా చేసిన కృషి మాత్రం చాలాకాలం మరుగున పడింది. 1808 ఉపన్యాసంలో యంగ్ పరిశీలించినది ప్రధానంగా ఆరోగ్యవంతమైన ధమనులను. చీలిన గోడను, అందులోని ఎలాస్టిన్, కొల్లాజెన్‌లను ఇతడు ఎరుగడు. గోడ గుణాన్ని నాడి వేగం ద్వారా తెలుసుకోవచ్చునన్న సూత్రాన్ని మాత్రం ఇతడే అందించాడు. శరీరాన్ని కోయకుండానే బృహద్ధమని బిరుసుదనాన్ని అంచనా వేయగలగడం ఆ సూత్రం వల్లనే సాధ్యమైంది.